గొంతు తెలిసినవాళ్ళ ఊళ్ళకి

మా కాకినాడలో ఎవరి చేతిలోనైనా సంచి కనిపిస్తే తిరుపతికా, హైదరాబాద్‌కా అని అడుగుతారు. నేను గద్వాలకి అన్నాను. "చీరలు కొనడానికా?" అన్నారు అందరూ. కాదు, మా తరగతి పిల్లల్ని చూడడానికి అంటే ముందు మెచ్చుకున్నారు, తర్వాత నవ్వారు. నేను చూడబోతున్న పిల్లల్లో ఒకావిడకి నాకంటే రెండేళ్ళే తక్కువ. ఇంకొకావిడ కూతురు డిగ్రీ చదువుతోంది.

నేను లెక్కల టీచర్ని. చాలా ఏళ్ళు పనిచేసిన ప్రైవేటు బడి కరోనాలో మూతపడింది. ఆ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్ళకి ఫోన్‌లో పదో తరగతి లెక్కలు చెప్తారా అని అడిగారు. ఓపెన్ స్కూల్ పరీక్ష రాయించడం వాళ్ళ ఉద్దేశం. సరే అన్నాను. ఆన్‌లైన్ చదువు ఇప్పుడు లోకమంతా పాకింది. మా పక్కింటి కుర్రాడు లుంగీ కట్టుకుని వరండాలో కూర్చునే ఏ దేశం పాఠాలో వింటున్నాడు. నా తరగతికీ కువైట్ నుంచి ఒకామె వస్తుంది, ఎవరి ఇంట్లోనో చపాతీ పిండి కలుపుతూ చెవిలో తీగ పెట్టుకుని. మిగతావాళ్ళలో ఎక్కువమంది పాలమూరు వైపు వాళ్ళు.

డేటా అయిపోతుందని ఎవరూ కెమెరా పెట్టరు. నల్లటి గడి, దాని కింద పేరు, అంతే. అందుకని నా విద్యార్థుల్ని నేను చూడలేదు, విన్నాను. గద్వాల షాహీదా నోరు విప్పితే వెనకాల పిండిమర ఆడుతుంది. కొత్తకోట రూతమ్మ మాట్లాడితే లారీ హారన్లు. అచ్చంపేట అవతల పల్లెలో ఉండే బాలమ్మ గొంతు వెనకాల మాత్రం గాలి, ఎక్కడో ఒక నెమలి.

ఆ బాలమ్మ జనవరిలో తరగతికి రావడం మానేసింది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏప్రిల్‌లో పరీక్షలు. సంస్థ వాళ్ళని అడిగితే, మధ్యలో ఆగిపోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారండీ, మనమేం చేస్తాం అన్నారు. ఒకరోజు పాఠం అయ్యాక రూతమ్మ అంది: "టీచరమ్మా, ఎన్నొద్దులని ఫోన్లు చేస్తం? ఊరి పేరు తెల్సు గద. పోయి సూసొద్దాం."

ఫిబ్రవరిలో బయల్దేరాను.

గద్వాల: పిండిమర ఇల్లు

షాహీదా ఇల్లు కోటకి కాస్త దూరంలో ఒక ఇరుకు వీధిలో ఉంది. ముందు గది పిండిమర. వాళ్ళు గిర్నీ అంటారు. వెనక రెండు గదులు ఇల్లు. నేను గుమ్మంలో నిలబడేసరికి మర ఆడుతోంది. తలకి తెల్లటి గుడ్డ కట్టుకుని, కనుబొమల నిండా పిండితో ఒకామె డబ్బా ఎత్తుతోంది. నేను "షాహీదా" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. గొంతు విని డబ్బా దించేసింది.

"అయ్యో అల్లా, మేడమే!" అని, దగ్గరికొచ్చి నన్ను కిందికీ మీదికీ చూసింది. "గింత సన్నగున్నరేంది? గొంతు ఇంటే మస్తు పెద్ద మనిషనుకుంటిమి."

"నేనూ నిన్ను పొట్టిదానివనుకున్నాను" అన్నాను. ఆమె నాకంటే జానెడు పొడవు.

వాళ్ళాయన కరీం మర ఆపబోయాడు. అంతలో ఒక ముసలాయన మిరపకాయల మూటతో వచ్చాడు. మర్యాదకి నేను అక్కడే నిలబడ్డాను. అది తప్పని రెండు నిమిషాల్లో తెలిసింది. మా వైపు కారం మిల్లుకి పంపించి ఇంట్లో కూర్చుంటాం, మిల్లులో నిలబడం. తుమ్ములు మొదలై ఆగలేదు. కళ్ళ నీళ్ళు కారుతూ వీధిలోకి పరిగెత్తాను. షాహీదా నవ్వుతూ చెంబుతో నీళ్ళు తెచ్చింది. తరగతిలో ఆమె అప్పుడప్పుడు హఠాత్తుగా మ్యూట్‌లోకి ఎందుకు వెళ్ళేదో అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుల్లటి ఆకుకూర పెట్టింది. నేను గోంగూర అన్నాను. "మేం పుండికూర అంటం. మా అమ్మది రాయచూరు దిక్కు, ఆమె పుండిపల్య అంటది" అంది. ఆకు ఒకటే, మూడు పేర్లు. అన్నం లేకుండా భోజనం అయిపోవడం నాకు కొత్త. తిన్నాక కూడా అన్నం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. అది కనిపెట్టి కరీం గిన్నెడు అన్నం తెచ్చి నా ముందు పెట్టాడు. సిగ్గుపడుతూనే తిన్నాను.

షాహీదా తొమ్మిదిలో ఆపేసిందట. మళ్ళీ ఎందుకు చదవాలనిపించిందని అడిగాను.

"నా బిడ్డ హైదరాబాద్‌ల డిగ్రీ చదువుతున్నది మేడం. మీ అమ్మ ఎంత చదివిందని దాన్ని ఎవరన్న అడిగితే? అది చెప్పెటప్పుడు దాని ముఖం ఎట్లుంటదో నాకు తెల్వదు. గది నా దిమాగుల తిరుగుతుంటది."

సాయంత్రం, అచ్చంపేటకి నేను కూడా వస్తానంది. అని భర్త వైపు చూసింది. పుట్టిల్లు, అత్తిల్లు తప్ప ఎక్కడికీ ఒక్కతే వెళ్ళలేదట. కరీం మర బెల్టు బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "పో. గిర్నీ నేను సూస్కుంట. ఇన్నొద్దులు ఆమె గొంతు నేను గూడ ఇన్న గద. ఆ పిల్లకు ఏమైందో నాకు గూడ పరేషానే."

బీచుపల్లి వంతెన మీద

తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. షాహీదా దర్జాగా ఆధార్ కార్డు చూపించింది. నేనూ చూపించాను. కండక్టరమ్మ నా కార్డు తిప్పి చూసి, "కాకినాడనా? మీరు టికెట్ తీసుకోవాలె మేడం" అంది. మా ఊళ్ళో మాకూ ఉచితమేనన్నాను. "అయితే ఆడ ఎక్కుండ్రి" అంది. బస్సంతా నవ్వింది. దారి పొడుగునా డబ్బిచ్చి కూర్చున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకేనేమో వెనక సీటు ముసలమ్మ నాకు కిటికీ పక్క చోటిచ్చింది.

బీచుపల్లి దగ్గర కృష్ణ వచ్చింది. ఆడవాళ్ళు కిటికీల్లోంచి చిల్లర విసిరి దండం పెట్టుకున్నారు. మా గోదావరి మీద కూడా అంతే, రైల్లో నిద్రపోతున్నవాళ్ళని లేపి మరీ చిల్లర వేయిస్తారు. షాహీదా అరచేయి నుదుటికి తాకించి సలాం చేసింది. "మా అమ్మ చెప్పింది. నీళ్లను సూస్తే సలాం చెయ్యాలె, మనల్ని బత్కిచ్చేది గవే" అంది. నది దాటాక మళ్ళీ ఎర్రనేల, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాళ్ళగుట్టలు, మధ్యలో పల్లిచేలు. మా కోనసీమ పచ్చదనానికి అలవాటుపడ్డ కళ్ళకి మొదట బోడిగా కనిపించింది. కాసేపటికి ఆ విశాలం బాగుందనిపించింది. ఎంత దూరం కావాలంటే అంత దూరం చూడొచ్చు.

కొత్తకోట: రూతమ్మ పొయ్యి

కొత్తకోటలో హైవే పక్కనే ధాబా. బయట లారీలు, మెకానిక్కుల సుత్తి దెబ్బలు. లోపల పొయ్యి ముందు రూతమ్మ. ఆమె అరచేతుల మధ్య రొట్టె తిరుగుతూ పెద్దదవుతుంటే చూస్తూ నిలబడిపోయాను. షాహీదా నా వెనకాలే ఉంది. ఇద్దరూ ఏడాదిగా రోజూ మాట్లాడుకుంటున్నవాళ్ళే, ఎదురుపడేసరికి ఒకరి మొహం ఒకరు వెతుక్కున్నారు.

"సాయిదా?" అంది రూతమ్మ చివరికి.

"రూతక్కా" అంది షాహీదా.

పిండి చేతులతోనే కౌగిలించుకున్నారు. "నీ గిర్నీ పిండేనా ఇది?" అని షాహీదా భుజం దులిపి, తన చేతి పిండి ఇంకాస్త అంటించింది రూతమ్మ.

అంతమంది లారీ డ్రైవర్లున్నా ముందు మాకే పెట్టింది. రొట్టె, పప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కారం. బయటివాళ్ళకి అరవై రూపాయల భోజనం. మా దగ్గర యజమానిని డబ్బు తీసుకోనివ్వలేదు. రూతమ్మ వాళ్ళది కూలి కుటుంబం. భర్త చేలల్లో పనికి పోతాడు. ఆమె బడికి వెళ్ళింది ఏడు దాకానే. ప్రభుత్వ హాస్టల్లో వంటమనిషి పని అడగబోతే పది పాసయి ఉండాలన్నారట. "రొట్టెకు ఇంగ్లీషొస్తదా టీచరమ్మా? గయినా పట్టుకున్న, ఇడ్వ."

"నీకు లెక్కల్లో ఇబ్బందేముంది, బాగానే చేస్తున్నావుగా" అన్నాను.

"మీరు చెప్తె సగం అర్థమైతది. క్లాసైనంక బాలమ్మ ఫోన్ చేసి మిగిల్న సగం చెప్తుండె. ఆమె లేకపాయె, సగంల నిలవడ్డ."

అది నాకు తెలియదు. నా తరగతి అయిపోయాక ఇంకొక తరగతి నడిచేదని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ధాబా యజమానిని రూతమ్మ రెండు రోజులు సెలవడిగింది. ఆయన చాలాసేపు గొణిగాడు. రొట్టెలెవరు చేస్తారు, గిరాకీ ఏం కావాలి అని. గొణుగుతూనే లోపలికెళ్ళి దారికి రొట్టెలు, పల్లీల పొడి కాగితంలో కట్టించి తెచ్చాడు. "పోయిరా. గని పాస్ గాకుంటె మల్ల నా మొకం సూడకు" అన్నాడు. ఆ రాత్రి రూతమ్మ ఇంట్లో పడుకున్నాం. పడుకునే ముందు ఆమె ప్రార్థన చేసుకుంది. ముగ్గురి పేర్లూ చెప్పి, నాలుగో పేరు బాలమ్మది కాస్త గట్టిగా చెప్పింది.

వనపర్తి: మేమే పిల్లలం

పొద్దున వనపర్తిలో బస్సు మారాలి. మధ్యలో కాస్త వ్యవధి ఉంది. మా సంస్థ ఈ చుట్టుపక్కల వాళ్ళందరికీ పరీక్ష సెంటర్‌గా వనపర్తిలో ఒక బడి పెట్టించింది. "జర సూసొద్దాం" అంది షాహీదా.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి లోపల ప్రార్థన జరుగుతోంది. ఇద్దరూ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. వాచ్‌మన్ వచ్చి, "ఏ పిల్లల కోసం వచ్చిన్రమ్మా?" అని అడిగాడు.

"మేమే పిల్లలం" అంది రూతమ్మ.

విషయం చెప్తే లోపలికి రానిచ్చాడు. ఖాళీగా ఉన్న ఒక గదిలో షాహీదా మొదటి బెంచీ మీద కూర్చుంది. బెంచీ చిన్నది, మోకాళ్ళు పట్టలేదు. రూతమ్మ కూర్చోలేదు. బోర్డు దగ్గరికెళ్ళి అరచేత్తో నల్లరంగు తడిమింది. నేను రోజూ తెర మీద బోర్డు బొమ్మ పెట్టి రాసేదాన్ని. నన్ను చూసి, "టీచరమ్మా, ఒక్కపారి ఏదన్న రాయుండ్రి" అంది. సుద్దముక్క తీసుకుని ఒక సమీకరణం రాశాను. చాలాకాలమైంది సుద్ద పట్టుకుని. అంకెలు వంకర పోయాయి. వాళ్ళిద్దరూ చూడలేదనుకుంటాను.

గోపాల్‌పేట దగ్గర ఆగిన బస్సు

గోపాల్‌పేట దాటగానే బస్సు పొగ వదిలి నిలబడిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా దిగి కూర్చోమన్నారు. పక్క చేలో పల్లికాయ పీకుతున్నారు. హన్మంతు అనే రైతు పిలిచి గట్టు మీద కూర్చోబెట్టి, ఎండుటాకుల మంటలో కాయలు కాల్చి పెట్టాడు. మా ముగ్గుర్నీ చూసి ఆయనకి లెక్క తేలలేదు. బొట్టు పెట్టుకున్న ఒకామె, మెళ్ళో సిలువతో ఒకామె, తల మీద ముసుగుతో ఒకామె.

"ఏడికి పోతున్రు? కాన్పుకా, పెండ్లికా?"

ఫోన్‌లో చదువుకునే స్నేహితురాలి కోసమని చెప్పాను. ఆయన తల ఊపాడు.

"నేను గూడ ఫోన్ల సదివిన మేడం. పోయినేడు వీడియో సూసి మిరప పెట్టిన. ఆ పిలగాడు మంచిగనే చెప్పిండు, అబద్ధం లేదు. గని ఆయన చెప్పింది నల్లరేగడికి. నాది ఎర్రసెల్క. నడుమ ఆపి, అన్నా, నా బూమికి గిది పనికొస్తదా అని అడుగుదామంటె ఆయనకు ఇనవడది గద."

పంట పోయిందా అని అడిగాను. సగం పోయిందని నవ్వేశాడు. అక్కడే కూర్చుని ఆలోచించాను. నా తరగతిలో ఎంతమంది నడుమ ఆపి అడగాలనుకుని ఊరుకున్నారో. ఇంకో బస్సు వచ్చింది. హన్మంతు షాహీదా కొంగులో కాల్చిన కాయలు పోశాడు. నాగర్‌కర్నూల్ చేరేదాకా ధాబా రొట్టెలు, ఆ కాయలే మా మధ్యాహ్న భోజనం. అక్కడ టీ తాగి అచ్చంపేట బస్సెక్కాం.

అచ్చంపేట అవతల

అచ్చంపేట దగ్గరపడేకొద్దీ మోదుగలు పూసి ఉన్నాయి. ఆకు లేదు, చెట్టంతా కాషాయం. మా వైపు మోదుగ విస్తళ్ళు కొంటాం గానీ పూలు నేను చూసింది తక్కువ. అచ్చంపేటలో ఆటో మాట్లాడుకుని బాలమ్మ పల్లెకి చేరేసరికి పొద్దు వాలుతోంది.

పేరు చెప్తే ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, ముందు ముళ్ళకంప దడి, లోపల మేకలు. దడి దగ్గర చేతికర్రతో ఒక ముసలామె. నేను "బాలమ్మ ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నానో లేదో, ఆమె కర్ర వదిలేసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"టీచరమ్మనా? గొంతు గదే!"

ఆమె బాలమ్మ అత్త వెంకమ్మ. నా గొంతు ఆమెకెలా తెలుసో అడిగేలోపే విషయం చెప్పేసింది. కొడుకు పూణేలో బిల్డింగు పనికి పోయాడు. జనవరిలో గోడకి కట్టిన సారవ కర్రల మీంచి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. కబురు తెలిసిన గంటలోనే కోడలు కట్టుబట్టలతో బస్సెక్కింది.

"ఆయన్ని సూస్కోవాలె, కడుపుకు తినాలె. ఆయన జాగల ఆమె తట్టలు మోస్తున్నదంట బిడ్డా. ఫోను ఆన్నే సిమిటి గుంతల పడి ఖరాబయ్యింది. మీకు చెప్పాల్నని మొత్తుకున్నదంట. లంబరు ఎవల్కి యాది?"

రూతమ్మ గడప మీద కూలబడింది. ఇంత దూరం వచ్చింది ఆమెను చూడడానికి. ఆమె ఇక్కడ లేదు.

పక్కింటి నీలమ్మ భర్త కూడా అదే బిల్డింగు దగ్గర పనిచేస్తున్నాడు. అతని ఫోన్‌కి వీడియో కలుపుతానంది నీలమ్మ. "గని ఈడ రాదు. గుట్టెక్కాలె" అంది.

గుట్ట మీద

ఊరి వెనక చిన్న గుట్ట. పైన మంచమంత చదును బండ. ఫోన్ అక్కడ మాత్రమే పలుకుతుంది. బాలమ్మ రోజూ సాయంత్రం ఏడింటికి కూర్చునేది అక్కడే. ఇంత అడవి పక్కన, చీకట్లో. "ఒక్కతే వచ్చేదా?" అన్నాను భయంగా.

"ఒక్కదాన్ని ఎట్ల తోలిస్త? ఎలుగ్గొడ్లు తిరుగుతయి" అంది వెంకమ్మ. "నేను కర్ర, బత్తి పట్టుకొని వస్తుంటి. ఆమె సదువుతుంటె పక్కకు కూసొని ఇంటుంటి. ఎక్స్ అంటే తెల్వని దానికి పెట్టిన పేరు. గదే గద?"

"అదే" అన్నాను. నా తరగతిలో పేరు లేని ఒక మనిషి ఇంతకాలం కూర్చుని ఉంది.

బండ మీద బొగ్గుతో రాసిన అంకెలు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. మంచుకి కొన్ని చెరిగిపోయాయి. షాహీదా వాటి మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచింది.

ఫోన్ కలిసింది. ముందు నీలమ్మ భర్త, తర్వాత రేకుల షెడ్లు, తర్వాత ఒక మనిషి. తలకి తువ్వాలు, బుగ్గల మీద సిమెంటు, పెద్ద కళ్ళు. అది బాలమ్మ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నేను ఆమెను చూడడం అదే మొదలు. ఆమె ఊళ్ళో, ఆమె బండ మీద కూర్చుని, మళ్ళీ ఫోన్‌లోనే చూశాను.

ఆమె మమ్మల్నందరినీ చూసి, వెనకాల బండ గుర్తుపట్టి, నోరు తెరిచి ఏడ్చేసింది.

"పేరు కొట్టేసిన్రా మేడం?"

"లేదమ్మా. ఎందుకు కొట్టేస్తాం?"

"నేను రాకపోతి గద."

"పరీక్ష ఏప్రిల్‌లో. నువ్వొస్తే చాలు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఎట్లొస్త మేడం? ఆయన లేవలేడు. నేనొస్తె ఆయనకు నీళ్లిచ్చెటోళ్లు లేరు. ఈ యేడు ఇడ్వుండ్రి." రూతమ్మ నీలమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నువ్వు లేకుంటె నేను సగంలనే ఉంట, సూడు" అంది. షాహీదా కొంగుతో మొహం తుడుచుకుంది. భర్త కాలు విరిగిన మనిషికి సమీకరణాల గురించి ఏం చెప్తాం?

అప్పటిదాకా వెనకాల నిలబడ్డ వెంకమ్మ ముందుకొచ్చింది. ఫోన్‌ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుంది.

"ఓ బాలా. నేనొస్త ఆడికి."

"నువ్వా అత్తా?"

"వాడు నా కొడుకు గాడా? నీళ్లు నేనియ్యనా? నువ్వొచ్చి నీ పరీక్ష రాసుకో."

"నువ్వు శ్రీశైలం దాటి ఏడికన్న పోయినవా అత్తా? ఆడ మాట తెల్వది, బాట తెల్వది."

"తెల్వకుంటె నేర్సుకుంట. నువ్వు నేర్సుకోలేదా?"

మరి పనెట్లా అని బాలమ్మ మెల్లగా అడిగింది. నీలమ్మ కల్పించుకుంది. తను ఎలాగూ వచ్చే వారం పూణేకి పోతున్నానని, ముసలమ్మని వెంట తీసుకొస్తానని, పరీక్షలయ్యేదాకా బాలమ్మ స్థానంలో తట్ట తాను ఎత్తుతానని చెప్పింది. అప్పుడు తెర మీదికి ఇంకొక మొహం వచ్చింది. మంచం మీద పడుకుని ఉన్న బాలమ్మ భర్త. "పోనీయమ్మా దీన్ని. రోజు రాత్రి నిద్రల లెక్కలు చెప్తున్నది. నాకు నిద్ర లేదు" అన్నాడు. గుట్ట మీద మేమంతా ఒక్కసారి నవ్వాం.

ఆ రాత్రి వెంకమ్మ జొన్న సంకటి వండింది. తెల్లారి మేం బయల్దేరేటప్పుడు, పూణేలో నీళ్ళు ఉప్పగా ఉంటాయా, జొన్నలు దొరుకుతాయా అని నన్ను అడిగింది. నేనెప్పుడూ వెళ్ళలేదని చెప్పాను. "అయితె పోయొచ్చి నీకు నేనే చెప్త" అంది.

ఇంటికొచ్చాక

అనుకున్నట్టే జరిగింది. మేకల్ని మరిదికి అప్పజెప్పి వెంకమ్మ పూణే బస్సెక్కింది. మార్చి మొదట్లో బాలమ్మ వచ్చేసింది. పల్లెలో ఒక్కతే గుట్టెక్కడం ఎందుకని రూతమ్మ కొత్తకోటకి తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంది. పరీక్షల దాకా తరగతిలో వాళ్ళిద్దరిదీ ఒకటే గడి. ధాబా యజమాని ఆ పిల్లకి పొద్దున పూట పని ఇచ్చాడు. షాహీదా ప్రతి ఆదివారం గద్వాల నుంచి ఒక్కతే బస్సులో వచ్చేది. పరీక్షలయ్యాక బాలమ్మ పల్లెకి తిరిగొచ్చింది, కొడుకు నడిచేదాకా పూణేలో తనే ఉంటానంది వెంకమ్మ.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. షాహీదా పాసయింది. కూతురు హైదరాబాద్ నుంచి వచ్చి, గిర్నీకి వచ్చినవాళ్ళందరికీ ఆ మార్కులు చూపించిందట. బాలమ్మ పాసయింది, లెక్కల్లో మా తరగతి మొత్తంలోకీ ఎక్కువ. రూతమ్మ అన్నీ పాసయి, లెక్కలు తప్పింది. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పింది. "ఒక్కటే గద టీచరమ్మా. మల్ల రాస్త. రోజు సాయంత్రం కూసుందాం, మీరు, నేను, బాలమ్మ" అని తానే నాకు ధైర్యం చెప్పింది.

తొలకరి పడ్డాక బాలమ్మ కొత్త ఫోన్‌లోంచి వీడియో కాల్ చేసింది. అచ్చంపేట బస్టాండులో ఉంది. భర్త చేతికర్రతో నడుస్తున్నాడట, అత్తతో కలిసి పూణే నుంచి వస్తున్నాడు. పాసయిన సంగతి అత్తకి చెప్పావా అని అడిగాను.

"చెప్పలే మేడం. మస్తు సార్లు అడిగింది. రిజల్టు ఇంక రాలేదని అబద్ధం చెప్పిన. ఫోన్ల చెప్పబుద్ధి గాలే. ముఖం సూస్కుంట చెప్త." అంతలో ఆమె వెనకాల బస్సు వచ్చి ఆగింది. బాలమ్మ అటు తిరిగింది. "ఉంట మేడం, దిగుతున్నరు" అని కట్ చేసేసింది.

ఆ సాయంత్రం రూతమ్మ, నేను ఫోన్ ముందు కూర్చున్నాం. బాలమ్మ రాలేదు. పిలుద్దామా అని అడిగాను.

"ఇయ్యాల రాదు తియ్యి టీచరమ్మా" అంది రూతమ్మ. "అత్తకోడండ్లను మాట్లాడుకోనీ. మనం మొదలువెడదాం."

పుస్తకం తెరిచాం.